కిణ్వము, కల్లు, రొట్టె

క్రిందటి సంక్రాంతికి మా అమ్మాయి అమెరికా నుండి వచ్చినప్పుడు నందిగామలోని మా ఇంట్లో ఒక చిన్న ధర్మసంకటం ఏర్పడింది. 2020లో, కరోనా రోజుల్లో, అక్కడ తాను నేర్చుకొన్న రొట్టె ఒకటి మాకు చేసి పెడతానన్నది. ఆ వసంతంలో అందరూ ఇళ్ళలోనే రొట్టెలు కాల్చుకోవడం మొదలుపెట్టేసరికి అమెరికా దుకాణాల్లో ఈస్టు పొట్లాలు దొరకడం కష్టమైపోయిందట. అప్పుడు ఈస్టు అక్కరలేని రొట్టెలకు గిరాకీ వచ్చింది. వాటిలో ఒకటి ఇది. పిండి పిసకనక్కరలేదు, పొంగేదాకా కాచుకొని కూర్చోనక్కరలేదు. మైదా మూడు కప్పులు, బేకింగ్ పౌడరు మూడు చెంచాలు, ఉప్పు ఒక చెంచా, పంచదార రెండు మూడు పెద్ద చెంచాలు, కొంచెం కరిగించిన వెన్న, ఒక చిన్న సీసా బీరు.

మా ఆవిడ మొదట బీరకాయ అనుకొన్నది. కాదని తెలిసిన తరువాత, దేవుడికి నైవేద్యం వండే పొయ్యి మీద ఆ పని కుదరదని ఖండితంగా చెప్పింది. చివరకు పెరట్లో, పాత గ్యాసుపొయ్యి మీద, వాడకం మానేసిన కుక్కరులో చేసుకొనేటట్లు రాజీ కుదిరింది. కుక్కరు అడుగున రాళ్ళ ఉప్పు పోసి, రబ్బరు, వెయిటు తీసివేసి, సన్నసెగ మీద గంటసేపు ఉంచింది. మూత తీసేసరికి పైన పగుళ్ళతో బరువైన రొట్టె ఒకటి సిద్ధమయింది. వాసన చూస్తే గోధుమల కొట్టు వాసనా, లీలగా చేదూ. సారాదుకాణం వాసన ఎంతమాత్రం కాదు. మా ఆవిడ కూడా వాసన చూసింది. అంతకుమించి ముందుకు రాలేదు.

"బీరులో ఈస్టు ఉంటుంది కదా నాన్నా, అందుకే పొంగుతుంది" అన్నది అమ్మాయి. నాకు ఆ మాట మీద సందేహం కలిగింది. తెలుగు పండితుడికి రొట్టెతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. కాని ఈ విషయం వెంటబడి పోతే అది నన్ను అమరకోశం దగ్గరకు, అక్కడి నుండి బందరు కోటకు, చివరకు నేను మరచిపోదామనుకొన్న ఒక తరగతి గదికి తీసుకొనిపోయింది. అందుకే ఈ టపా.

ముందు అమ్మాయి సందేహం తీరుద్దాం. నేడు సీసాల్లో వచ్చే బీరును చాలావరకు వడపోసి, వేడిచేసి నింపుతారు. దానిలో బ్రతికి ఉన్న ఈస్టు దాదాపు ఉండదు. ఆ రొట్టెను పొంగించింది బేకింగ్ పౌడరు. బీరులోని బుడగలు దానికి కొంత సాయం చేశాయి, రుచీ రంగూ ఇచ్చాయి. అంటే ఈ రొట్టెలో బీరు ఒక వృద్ధ రాజు వంటిది. పేరు ఆయనది, పరిపాలన మంత్రిది.

ఒకప్పుడు ఆ రాజు నిజంగానే రాజ్యమేలాడు. రోమను పండితుడు ప్లినీ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో, గాల్, ఐబీరియా ప్రాంతాలవారు బీరు నురుగు కలిపి రొట్టె చేస్తారనీ, అందువల్ల వారి రొట్టె ఇతరుల రొట్టెకంటె తేలికగా ఉంటుందనీ వ్రాశాడు. ఇంగ్లండులో ఆ నురుగును బార్మ్ అనేవారు. పంతొమ్మిదో శతాబ్దం దాకా రొట్టెలవాడు బీరు కాచేవాడి దగ్గరకు వెళ్ళి ఆ నురుగు తెచ్చుకోవడం మామూలు. రొట్టె ముందా, బీరు ముందా అని పెద్దలు వాదించుకొన్నారు కూడ. 1953లో రాబర్ట్ బ్రెయిడ్‌వుడ్ ఆధ్వర్యంలో అమెరికా పండితులు దీని మీద ఒక చర్చాగోష్ఠి నడిపారు. మానవుడు వ్యవసాయం నేర్చినది రొట్టె కోసమా, బీరు కోసమా అని! 2018లో జోర్డానులో 14,400 ఏండ్లనాటి రొట్టె మాడు ముక్కలు దొరికాయి. అదే ఏడు ఇజ్రాయెల్‌లోని ఒక గుహలో సుమారు 13,000 ఏండ్ల నాటి బీరు ఆనవాళ్ళు దొరికాయి. వ్యాజ్యం ఇంకా నడుస్తూనే ఉన్నది.

ఆ నురుగులో ఉన్నదేమిటో తెలియడానికి చాలా కాలం పట్టింది. 1680లో డచ్చివాడు లేవెన్‌హుక్ తన భూతద్దం క్రింద బీరు చుక్కను పెట్టి చిన్న చిన్న గోళాలను చూశాడు కాని, అవి ప్రాణులని అతడికి తోచలేదు. ఆ సంగతి తేల్చి చెప్పడానికి 1850ల చివర పాశ్చర్ రావలసి వచ్చింది.

మనవాళ్ళకు సూక్ష్మదర్శిని లేదు. పదం మాత్రం ఉన్నది. కిణ్వము. ఇప్పుడు మన సైన్సు పుస్తకాల్లో కిణ్వనం, కిణ్వ ప్రక్రియ అని పిల్లలు చదువుకొంటున్న మాటకు మూలం ఇదే. అమరకోశం దీనికి నగ్నహువు అని ఒక పర్యాయపదం ఇచ్చింది. ఈ నగ్నహువు వేదవాఙ్మయంలో సౌత్రామణి యాగానికి సుర సిద్ధంచేసే సందర్భంలో కనిపిస్తుంది. యజ్ఞశాలలో పుట్టిన ఆ మాటను అమరసింహుడు ఎక్కడ చేర్చాడో చూడండి. ద్వితీయకాండలో, శూద్రవర్గంలో! సుర, ఆసవం, మైరేయం, కిణ్వం, అన్నీ అక్కడే ఉన్నాయి. నేను విద్యార్థిగా ఆ వర్గం వల్లించినప్పుడు నాకు ఇందులో వింత ఏమీ కనిపించలేదు. వల్లెవేయడంలో ఉన్న సుఖమూ, లోపమూ రెండూ అవే.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణం ఇంకా ఆసక్తికరం. కిణ్వం ఎట్లా కట్టాలో అక్కడ కొలతలతో సహా ఉన్నది. మినుముల ముద్ద ఒక ద్రోణం, పచ్చిదైనా సరే ఉడికినదైనా సరే. దానికి మూడో వంతు ఎక్కువగా బియ్యం. మోరటం మొదలైన మూలికలు కర్షమేసి. మినుములూ బియ్యమూ! ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి వంటింటి వైపు చూశాను. రేపటి ఇడ్లీకి మా ఆవిడ రుబ్బి ఉంచిన పిండి గిన్నెలో మూత పైకి లేచి ఉన్నది. ఇడ్లీకీ సురకూ చుట్టరికం కలుపుతున్నానని ఎవరూ కోపగించుకోవద్దు. ఆ కిణ్వం సురకు, ఈ పిండి ఇడ్లీకి. చేరే జీవులు కూడ ఒకటే కానక్కరలేదు. ఇడ్లీపిండిని పొంగించే పనిలో అధికభాగం ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియాది. కాని మినుములనూ బియ్యాన్నీ కలిపి నానబెట్టి గాలిలోని కనబడని ప్రాణులకు ఆతిథ్యమివ్వవచ్చునన్న తెలివి ఈ నేలకు పాతదే.

అసలు పిసకని రొట్టె మనకు లేనిదా? దిబ్బరొట్టె ఉన్నది కదా. మినపపిండిలో బియ్యపురవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె పోసి, పిండి దిబ్బగా వేసి, మూత మీద కూడ నిప్పులు పోసి కాల్చేవారు. తాటిపండు గుజ్జుతో చేసే తాటిరొట్టెదీ ఇదే దారి. పైనా క్రిందా నిప్పులంటే ఓవెనే మరి. మా అమ్మాయి కుక్కరులో చేసినదానికీ, మా నాయనమ్మ మూకుడులో చేసినదానికీ తేడా పిండిలోనే తప్ప పద్ధతిలో లేదు. 2006 నవంబరులో జిమ్ లాహీ అనే రొట్టెల నిపుణుడి పిసకని రొట్టె న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చినప్పుడు ప్రపంచమంతా అబ్బురపడిందట. పిండికి నీళ్ళూ కాలమూ ఇస్తే సాగుడుగుణం తనంతట తానే వస్తుంది, పిసకనక్కరలేదని దాని సారాంశం. మనవాళ్ళు గోధుమల జోలికి పోలేదు కనుక పిసికే బాధే పడలేదు.

పొంగిన గోధుమరొట్టె మన తీరానికి వచ్చినది ఓడల మీద. బందరులో డచ్చివారు పదిహేడో శతాబ్దం మొదట్లోనే, ఇంగ్లీషువారు 1611లో కోఠీలు పెట్టుకొన్నారు. తరువాత బందరులో తెల్ల సైనికుల దండు కూడ ఉండేది. 1809లో మద్రాసు యూరోపియన్ రెజిమెంటు తిరుగుబాటు చేసినది అక్కడే. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిన తరువాత ఆ దండు అక్కడ నిలవలేదు. తెల్ల సిపాయికి రొట్టె రోజువారీ రేషను. అన్నం పెట్టి ఊరుకోబెట్టే వీలు లేదు. మరి ఈ ఎండల్లో బీరు నురుగు ఎక్కడిది? బార్మ్ ఓడ దిగేసరికి చచ్చిపోతుంది. చుట్టూ చూస్తే తాటిచెట్లు.

యూల్, బర్నెల్ దొరల హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు (1886) టాడీ అనే పదం క్రింద ఈ సంగతి చెప్పింది. ఇండియాలో రొట్టె పొంగడానికి సాధారణంగా వాడేది తాటి, ఈత, కొబ్బరి చెట్ల కల్లేనని. టాడీ అనే మాట హిందీ తాడీ నుండి, అది సంస్కృత తాలము నుండి వచ్చాయి. గోవాలో పోర్చుగీసు పాదిరీల వంటశాలల్లోనూ కల్లుతోనే రొట్టె పొంగించారు. బొంబాయివారి పావు, పోర్చుగీసు పాఁవ్ కూతురే. కేరళలో నేటికీ అప్పం పిండిలో కల్లు కలిపే ఇళ్ళున్నాయి.

దీని పనితీరు చెప్పుకోదగ్గది. తాటిగెల కోసిన చోట కారే రసంలో పదో వంతుకు పైగా చక్కెర. ముంతలో పడ్డ క్షణం నుండే గాలిలోవీ, పాతముంత గోడకు అంటుకొని ఉన్నవీ అయిన ఈస్టు కణాలు విందు మొదలుపెడతాయి. తెల్లవారుజామున తీపి, పగటికి పులుపూ నిషా, ఇంకా ఉంచితే వెనిగరు. పుల్లకల్లులో ఉన్న మత్తు బీరులోని మత్తుకు ఇంచుమించు సమానం. కాని సీసా బీరులో లేనిది ఇందులో ఉన్నది, ప్రాణం. ముంత లోపల సున్నం రాస్తే ఈ విందు ఆగిపోతుంది. బెల్లం వండేవారూ, నీరా అమ్మేవారూ అందుకే సున్నం రాస్తారు.

దొరలందరికీ ఈ కల్లురొట్టె నచ్చలేదు. మద్రాసు సైన్యపు అధికారి కెన్నీ-హెర్బర్ట్, వైవర్న్ అనే పేరుతో 1878లో మద్రాసు దొరల కోసం ఒక వంటపుస్తకం ప్రచురించాడు. క్యాంపుల్లో తిరిగేవారు బేకింగ్ పౌడరుతో తమ రొట్టె తామే చేయించుకోవచ్చునని అతని ఉపదేశం. ఆ పౌడరుకూ ఒక చక్కని కథ ఉన్నది. భార్యకు ఈస్టు సరిపడదని బర్మింగ్‌హామ్ మందుల వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1843లో దానిని కనిపెట్టాడు. కల్లుముంత నుండి డబ్బా పౌడరుకు మారడమంటే, చెట్టెక్కే మనిషి అవసరం తీరిపోవడం. మా పెరట్లో జరిగినదీ ఆ కథలోని చివరి అధ్యాయమే.

మన జనానికి రొట్టె మీద వేరే బెదురు ఉండేది. కల్లు కలిసిందేమోనని ఒకటి, ఎవరి చేతిదో అని రెండవది. బెంగాలులో రాజనారాయణ బసు 1846లో బ్రహ్మసమాజంలో చేరినప్పుడు, కులం పాటించబోమని చూపడానికి బిస్కత్తులూ షెర్రీ పుచ్చుకొన్నట్లు స్వయంగా వ్రాసుకొన్నాడు. ఒక బిస్కత్తు తింటే కులం పోయే రోజులవి! ఇప్పుడు మన ఊళ్ళలో ఏ సెంటరులో చూచినా బెంగుళూరు అయ్యంగార్ బేకరీ అని బోర్డు. రొట్టెకు ఆచారం పట్టించిన ఈ చమత్కారాన్ని నేను ఎంత తలచుకొన్నా నవ్వు ఆగదు.

వరి తినే కృష్ణాజిల్లాకు రొట్టె ఇంటింటి వస్తువుగా రావడం మాత్రం స్వాతంత్ర్యం తరువాతి మాటే. 1956 నుండి అమెరికా పి.ఎల్. 480 గోధుమలు, 1965లో కేంద్రప్రభుత్వం పెట్టిన మోడరన్ బేకరీస్, ఇవి దారి వేశాయి. మా చిన్నతనంలో జ్వరం వస్తేనే బ్రెడ్డు. పాలలో ముంచి తినిపించేవారు. అందువల్ల నా నాలుకకు బ్రెడ్డు రుచి అంటే ఇప్పటికీ జ్వరం రుచే.

ఇక కల్లు సంగతి. జగ్గయ్యపేట, నందిగామల మెట్ట నిజాం రాజ్యానికి ఆనుకొని ఉన్న నేల. నందిగామ తాలూకాలోని మునగాల పరగణా అయితే నిజాం ఇలాకా మధ్యలో ద్వీపంలాగా ఉండేది. ఇటువంటి చోట మద్యనిషేధం ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. రాజాజీ 1937లో సేలంలో ప్రారంభించిన నిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వచ్చింది. పాలేరు ఇవతల ముంత దించడం నేరం, అవతల అదే సర్కారుకు ఆబ్కారీ రాబడి. ఒకే జాతి చెట్టు, ఒకే రసం. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైనా ఈ భేదం వెంటనే పోలేదు. గీతపనివారికి బెల్లం, నీరా సంఘాలు చూపించారు కాని, అవి అందరి కడుపులూ నింపలేదు. వారి పక్షాన గౌతు లచ్చన్న పోరాడాడు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ నిషేధం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్రకేసరిని గద్దె దించినది కల్లుముంత అని మా నాన్నగారు అనేవారు. 2014 తరువాత ఆ సరిహద్దు మళ్ళీ రాష్ట్ర సరిహద్దయింది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర తెలంగాణ సీసాలు పట్టుబడ్డ వార్తలు కొన్నేళ్ళపాటు పత్రికల్లో చదువుతూనే ఉన్నాము.

నిషేధం తప్పని నేను అనబోవడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు నేనూ తరగతిలో ఆవేశంగా మాట్లాడినవాడినే. ఆ రోజుల్లోనే జరిగింది ఈ సంగతి. సుర గురించిన పాఠమేదో చెబుతూ, మద్యం దించేవాడూ అమ్మేవాడూ త్రాగేవాడూ సమాన పాపులని ఉపన్యాసమిచ్చాను. వెనుక బల్ల మీద నుండి ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, కల్లు పొద్దున్నే తియ్యగా ఉండి మధ్యాహ్నానికి పుల్లగా ఎందుకవుతుందండీ?" అని అడిగాడు. గీతపనివారి పిల్లవాడు. తరగతి గొల్లుమన్నది. ఇటువంటి మాటలు బడిలో వద్దని కూర్చోబెట్టాను. కిణ్వమనే మాట నాకు అప్పటికే వచ్చు. అమరం కంఠతా వచ్చు. ఆ ప్రశ్న లేవెన్‌హుక్కును తికమక పెట్టిన ప్రశ్నే అని, పాశ్చర్‌ను పాశ్చర్‌గా చేసిన ప్రశ్నే అని తెలియడానికి మాత్రం నాకు మా అమ్మాయి రొట్టె కావలసి వచ్చింది. ఆ పిల్లవాడు పదో తరగతితో ఆపివేశాడు.

మా అమ్మాయి తిరిగి వెళ్ళిన తరువాత అతడికి కబురు పెట్టాను. ఇప్పుడు నలభై దాటినవాడు, తండ్రి మోకు తాను అందుకొన్నాడు. "సున్నం రాయని ముంతలోది, ఈ పూట దించినది, అరలీటరు కావాలి నాయనా" అన్నాను. అతడు నా ముఖంలోకి చూసి, మా ఆవిడ వినకుండా గొంతు తగ్గించి, "మీకా మాస్టారూ?" అన్నాడు. రొట్టెకు అన్నాను. నమ్మలేదు.

మరునాడు ఉదయం తెచ్చాడు. వడగట్టి, అరకిలో మైదాలో సుమారు 300 మిల్లీలీటర్లు పోసి, ఉప్పు వేసి, గరిటెతో కలిపి మూతపెట్టాను. పిసకలేదు. బేకింగ్ పౌడరు వేయలేదు. అతడిని కూర్చోమని, వాడు ముప్ఫై ఏండ్ల క్రితం అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాను. చక్కెరను తిని ఈస్టు ఏమి చేస్తుందో, పులుపు ఎవరి పనో, సున్నం ఎందుకు ఆపుతుందో అన్నీ చెప్పాను. సున్నం సంగతి వచ్చినప్పుడు అతడే నన్ను ఆపి సరిదిద్దాడు. ఎండాకాలం ఒక లెక్క, చలికాలం ఒక లెక్క, పాతముంతకు ఒక లెక్క, కొత్తముంతకు ఒక లెక్క అని. కొత్తముంతలో కల్లు ఆలస్యంగా పులుస్తుందట. పాతముంత గోడలోనే విత్తనం ఉంటుందని వాళ్ళ నాన్న చెప్పేవాడట. విత్తనం అన్నాడాయన. కిణ్వానికి ఇంతకంటె మంచి తెలుగు నాకు ఏ నిఘంటువులోనూ కనబడలేదు.

నాలుగు గంటల తరువాత పిండి గిన్నె అంచుకు వచ్చింది. పెరటి కుక్కరులో కాల్చాము. అమ్మాయి చేసినదానికంటె తేలికగా, లోపల గుల్లగుల్లగా, కొంచెం పుల్లని వాసనతో వచ్చింది. సగం కోసి అతడి చేతిలో పెట్టాను. మా ఆవిడ గడపలో నిలబడి చాలాసేపు చూసి, చివరకు ఒక చిన్న ముక్క అడిగి తీసుకొని, నమిలి, "దిబ్బరొట్టె దీనికంటె నయం" అన్నది. అతడు కల్లు డబ్బులు తీసుకోలేదు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, ఈసారి పాతముంతలోది తెస్తాను, రెండు గంటల్లోనే పొంగుతుంది చూడండి మాస్టారూ అని చెప్పి సైకిలెక్కాడు.